చుక్క నీళ్ళు రాని బండి

మా మరిది హర్షకి నీళ్ళంటే భయం లేదు. వాడి వంతు భయం కూడా మా ఆయనే పడేవాడు.

మా ఆయన అశోక్‌కుమార్‌కి బెంగళూరు కె.ఆర్.పురంలో బండ్లకు వైరింగ్ చేసే దుకాణం ఉంది. మా మామ పెట్టిన దుకాణమే. ముందు షట్టరు, వెనక మా ఇల్లు. హర్షది ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. శని ఆదివారాల్లో సాఫ్ట్‌వేర్ పిల్లల్ని సకలేశపుర కొండలకు తీసుకుపోయి, వాగుల్లోనూ బురదల్లోనూ తిప్పి తేవడం వాడి పని. డబ్బిచ్చి మరీ బురద పూయించుకుంటారా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. పెళ్ళీడు దాటిపోతున్నా మా అత్త చౌడమ్మకు వాడింకా చంటిబిడ్డే. నాకూ అంతే అనుకోండి. నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి వాడు నిక్కరేసుకుని బడికి పోతున్నాడు. నా చేతి చిత్రాన్నం తిని పెరిగాడు.

ఆ ఏడు వినాయకుణ్ణి నిమజ్జనం చేసీ చేయకముందే వాన పట్టుకుంది. బెళ్ళందూరు చెరువు గట్టుదాటి రోడ్లమీదికి వచ్చింది. అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తులు మునిగి, కరెంటు పోయి, లిఫ్టులు ఆగి, మందులకూ పాలకూ జనం అల్లాడిపోయారు. హర్షతో కొండలకు వచ్చిన పిల్లలే వాడికి ఫోన్లు చేశారు. వాడు జీపేసుకుని పోయాడు. ముసలివాళ్ళని, బాలింతల్ని ఎక్కించుకోవడం, మారతహళ్ళి వంతెన దగ్గర పొడినేల మీద దింపడం, మళ్ళీ వెనక్కి పోవడం. అదే పని.

ఒక సాయంత్రం గుండెల దాకా తడిసి, చెరువు కంపు కొడుతూ, నవ్వుకుంటూ వచ్చాడు. వాడి వెనక జీపును ఒక ట్రాక్టరు తాడు కట్టి లాక్కొస్తోంది.

"ఏమైందిరా?" గుమ్మంలోనే పట్టుకుంది మా అత్త.

"ఏం కాలేదమ్మా. నడినీళ్ళలో బండి నిలిచిపోయింది. టాపు మీదికెక్కి కూర్చుంటిమి, నేనూ ఒక ముసలి అజ్జీ. ట్రాక్టరు వచ్చే లోపల ఆయమ్మ నాకు విష్ణు సహస్రనామం మొత్తం వినిపించేసింది. సగం పుణ్యం నాకే."

"నవ్వుతాండావా? నవ్వుతాండావా నువ్వు?" అని చేతికందిన తువాలుతో వీపు మీద నాలుగు వాయించింది. ఆ తువాలుతోనే తల తుడిచింది.

మర్నాటికి వాడికి జ్వరం. ఆ నీళ్ళు మామూలు నీళ్ళా? ఊరి మురికంతా అందులోనే ఉంది. వారంపాటు కషాయాలూ మాత్రలూ మింగుతూ మంచం మీద పడుకున్నాడు. పక్కన ఫోను మోగుతూనే ఉంది. మా అత్త ఆ ఫోను తీసి బియ్యం డబ్బాలో పడేసింది. అందులోనూ మోగింది.

జ్వరం దిగిన రోజు పొద్దున హర్ష చెప్పులేసుకుంటుంటే మా అత్త వాకిలికి అడ్డంగా కూర్చుంది.

"పోయేది లేదు. నా పీనుగ మీద నడుచుకుంటూ పో."

"అమ్మా, అట్ల మాట్లాడొద్దు. పసిబిడ్డలుండారు ఆడ. పడవలు చాలడం లేదు."

"బెంగళూరులో నువ్వొక్కడివే ఉండావా?"

"బండి నాకుండాది కదమ్మా" అన్నాడు వాడు.

దుకాణంలోంచి మా ఆయన వచ్చి అమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, బండి నీళ్ళలో ఆగిపోయింది కాబట్టి కదా నీకింత భయం? ఇంక ఆగదు. నాది పూచీ."

"ప్రమాణం చెయ్యి."

ఆమె ఆయన చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. ఆయన ప్రమాణం చేశాడు.

మా ఇంట్లో ఆ కాలమంతా ఒకటే ధ్యాస. బండి ఆగకూడదు, హర్ష ఇంటికి రావాలి. ఆ రెండూ ఒకటేనని అందరం అనుకున్నాం.

ఇప్పటి బండ్లకు ఇంజనుకన్నా వైర్లు ముఖ్యమట. డ్రైవరు సీటు కింద ఒక చిన్న పెట్టె ఉంటుంది. డీజిలు ఎంత పోవాలి, ఎప్పుడు పోవాలి అని ఇంజనుకు చెప్పేది అదే. హర్ష బండి ఆగింది దానివల్లే. వైర్లు తగిలించే దాని మూతిలోకి నీళ్ళు దిగాయి. మా ఆయన దుకాణంలో మిగతా బండ్లన్నీ పక్కకు నెట్టి ఆ జీపు మీద పడ్డాడు. బానెట్ కింద ఉన్న ప్రతి అతుకూ ఊడదీసి, ఆరబెట్టి, గ్రీజు దట్టించి, మళ్ళీ బిగించి, పైన రబ్బరు తొడుగు వేశాడు. ఇంజను గాలి పీల్చుకునే గొట్టాన్ని టాపు దాకా ఎత్తాడు. ఇక సీటు కింది పెట్టెను దేంట్లో పెట్టాలో తోచక వంటింట్లోకి వచ్చి అటూ ఇటూ చూశాడు.

"నా చక్లి డబ్బా మీద కన్నేస్తే ఊరుకునేది లేదు" అన్నాను.

చక్లీలు, అంటే జంతికలు, దాచుకునే డబ్బా. నాలుగు పక్కలా కొక్కేలు బిగించే ప్లాస్టిక్ డబ్బా అది. మూతలో రబ్బరు పట్టీ ఉంటుంది. వానాకాలంలో కూడా అందులో చక్లీలు మెత్తబడేవి కావు. నేను అంటూనే ఉన్నాను, ఆయన చక్లీలన్నీ పళ్ళెంలో కుమ్మరించి డబ్బా పట్టుకుపోయాడు. ఒక పక్క వైర్లకు కంత చేసి, చుట్టూ సిలికాన్ పూసి, ఆ పెట్టెను అందులో కూర్చోబెట్టాడు.

"వదినా, ఇప్పుడు నా బండికి నీ చేతి వాసన వస్తాది" అన్నాడు హర్ష, పళ్ళెంలో చక్లీలు ఒకటొకటే నములుతూ.

ఆయన పని సరిచూసుకునే తీరు ఒకటుంది. సీటు కింద, కాళ్ళు పెట్టుకునే చోట, పాత పేపరు పరిచేవాడు. హర్ష నీళ్ళలోంచి తిరిగి రాగానే ముందు ఆ పేపరు తీసి చూసేవాడు. మొదటి రోజు బండి ఎక్కడా ఆగలేదు, కానీ పేపరు ముద్దయిపోయింది. డబ్బా లోపల పొడిగానే ఉంది. ఇంకెవరైనా అయితే అక్కడితో చాలనుకుంటారు. ఈయనకు చాల్లేదు. అమ్మ నెత్తిన చెయ్యి పెట్టిన మనిషి కదా.

ఆదివారం మధ్యాహ్నం ఆయన జీపు కింద పడుకుని ఉండగా నేను కాఫీ తీసుకుపోయాను. జీపు నేలకు అక్కడక్కడా గుండ్రటి తూట్లు ఉంటాయి, లోపల పడ్డ నీళ్ళు కిందికి పోవడానికి. కొండల్లో బురద కడుక్కోవాలని హర్ష ఎప్పుడూ వాటిని తెరిచే ఉంచేవాడు. మా ఆయన నల్లటి రబ్బరు బిరడాలు తెచ్చి, ఒక్కో తూటులో పెట్టి, బొటనవేలితో నొక్కి మూస్తున్నాడు. తలుపుల అంచులకు అప్పటికే రెండో వరస రబ్బరు అతికించేశాడు.

"కాఫీ చల్లారిపోతాది" అన్నాను.

"ఇదొక్కటి, ఛాయా" అన్నాడు. ఆఖరి బిరడా నొక్కి, బయటికొచ్చి, కాఫీ తాగాడు.

మర్నాడు హర్ష వచ్చాక పేపరు తీస్తే గరగరలాడింది. మా ఆయన దాన్ని చేతుల్లో పట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు. "చూడమ్మా, చుక్క లేదు! ఒక్క చుక్క లేదు!" మా అత్తకు చదువు రాదు. ఆ పేపర్ని అటూ ఇటూ తిప్పి, తడిమి, కళ్ళకద్దుకుంది. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను. వానాకాలం మొదలయ్యాక మేం నలుగురం కలిసి కూర్చుని తిన్నది ఆ రోజే.

తర్వాత కొన్నాళ్ళు హర్ష పేరు ఆ చుట్టుపక్కల మోగిపోయింది. కార్లన్నీ ఆగిపోయిన చోట వీడి జీపు పోయేది. నడుము లోతు నీళ్ళలో లైట్లేసుకుని వస్తుంటే పిల్లలు మేడల మీంచి ఈలలు వేసేవారట. ఎవరో వీడియో తీసి పెట్టారు. మా అత్త దాన్ని నా ఫోన్లో పదే పదే పెట్టించుకుని చూసేది. "మా పెద్దోడు చేసిన పని అది" అని పాలు పోసే జ్యోతికి కూడా చూపించింది. ఆమె భయం పోయింది. ఎందుకు పోదు? రోజూ ఇంటికి పొడి పేపరు వస్తోంది.

ఒక రోజు చపాతీ తింటూ హర్ష అన్నాడు. "అన్నా, బండి ఎందుకో తేలిగ్గా ఉండాది. లోతులో పోయేటప్పుడు వెనక భాగం కొంచెం జారినట్టాయ."

"జనం ఉండారా బండిలో?"

"లేదు. దింపేసి ఖాళీగా పోతాంటి."

"ఖాళీ బండి అట్లనే ఉంటాది. టైర్లలో గాలి కొంచెం తగ్గించు" అన్నాడు మా ఆయన. ఇంకో చపాతీ వెయ్యమన్నాడు హర్ష. వేశాను. అంతే జరిగింది.

పెద్ద వాన ఆ నెలాఖరులో వచ్చింది. ముందు రోజు మొదలైంది తెల్లారినా ఆగలేదు. పొద్దున్నే హర్షకు ఫోను. మళ్ళీ చెరువు పొంగింది, వారం కిందట ఇళ్ళకు తిరిగొచ్చిన వాళ్ళంతా మళ్ళీ చిక్కుకుపోయారు. ఈసారి మా అత్త వాకిలికి అడ్డం కూర్చోలేదు. బండి అద్దం మీద విభూతి రాసి, "జాగ్రత్త నాయనా" అని పంపించింది.

పొద్దెక్కాక నాకు ఫోను చేశాడు. వెనక వాన చప్పుడు, ఎవరో పసిబిడ్డ ఏడుపు. "వదినా, వీళ్ళని దింపేసి ఇంకొక్క ట్రిప్పు పోయి వచ్చేస్తా. చిత్రాన్నం చేసిపెట్టు. మామిడల్లం వెయ్యి."

"మామిడల్లం లేదు. మామూలు అల్లమే ఉండాది."

"సరేలే, అడ్జస్ట్ చేసుకుంటా" అన్నాడు, మహా ఉపకారం చేస్తున్నట్టు.

ఆ చిత్రాన్నం సాయంత్రం దాకా గిన్నెలోనే ఉంది. ఎవరు పారేశారో నాకు తెలీదు.

జరిగింది మాకు చెప్పినవాడు అక్కడి అపార్ట్‌మెంటు సెక్యూరిటీ మనిషి. మొదటి అంతస్తు మెట్ల మీద నిలబడి చూశాడట. రోడ్డు పక్కనే రాజకాలువ, అంటే ఊరి వాననీళ్ళన్నీ మోసుకుపోయే పెద్ద కాలువ. దాని గోడ ఒకచోట కూలి, నీళ్ళు రోడ్డు మీదుగా అడ్డంగా పరుగెత్తుతున్నాయి. హర్ష మూడుసార్లు అదే దారిన జనాన్ని దాటించాడు. నాలుగోసారి ఖాళీ బండితో వెనక్కి వస్తున్నాడు.

"బండి ఆగలేదమ్మా" అన్నాడు ఆ మనిషి. "ఇంజను మోగుతానే ఉండింది. చక్రాలు తిరుగుతానే ఉండాయి. బండి మాత్రం ముందుకు రాకుండా పక్కకు పోయింది. మెల్లిగా పోయింది. నన్ను చూసి చెయ్యెత్తినాడు కూడా. సహాయానికి ఎత్తినాడో, ఏం కాదులే అని ఎత్తినాడో నాకు తెలీలేదు. కాలువలోకి వాలిపోయింది."

కాలువలో ఆ బండి బోర్లాపడి, కల్వర్టు కింద ఇరుక్కుంది. నీళ్ళు పైనుంచి పోతున్నాయి. ఎక్కడుందో కనబడటం లేదు. అగ్నిమాపక దళం వాళ్ళు తాళ్ళు పట్టుకుని వెతుకుతుంటే, ఆ ఎర్రమట్టి నీళ్ళ అడుగున వెలుగు కనిపించిందట. జీపు లైట్లు. ఆరలేదు. వాళ్ళు ఆ వెలుగును పట్టుకుని దిగి, మధ్యాహ్నానికి హర్షను పైకి తెచ్చారు. "లైట్లు లేకుంటే రెండు మూడు దినాలు పట్టేదప్పా" అని వాళ్ళు మా ఆయనకు కన్నడంలో చెప్పారు. ఆయన తల ఊపాడు. ధన్యవాదాలు కూడా చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

హర్ష ముఖం చూసి మా అత్త ఏడ్చిన ఏడుపు నేను రాయను. అది ఆమెది.

పదకొండో రోజు ముగిశాక, జీపును పెట్టిన యార్డుకు రమ్మని పోలీసులు చెబితే మేమిద్దరం పోయాం. క్రేనుతో ఎత్తి పెట్టిన బండి అది, తలుపులు మూసే ఉన్నాయి. ఒక పక్క సొట్టపోయింది. అద్దంలోంచి చూస్తే లోపల నేల మీద బురదనీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి. మా ఆయన తలుపు తీసి, సీటు కిందికి చెయ్యి పోనిచ్చి, చక్లి డబ్బా కొక్కేలు విప్పాడు.

లోపల పొడిగా ఉంది. మూత వెనక చక్లి పిండి అంటుకుని ఉంటే అది కూడా పొడిగానే ఉంది.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా కూడా విప్పకుండా ఆ బురద నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. ఏం చేస్తున్నాడో నాకు అర్థం కాలేదు. ఒక బిరడా పీకాడు. లోపలి నీళ్ళు ధారగా ఆయన గుండెల మీద పడ్డాయి. ఇంకొకటి పీకాడు. అన్నీ పీకాడు. నీళ్ళన్నీ కారిపోయేదాకా కిందే పడుకున్నాడు.

"బయటికి రండి" అన్నాను. "ఏమండీ, నా మాట వినండి, బయటికి రండి."

కింద నుంచే మాట్లాడాడు. "నీళ్ళు లోపలికి వచ్చింటే బండి బరువెక్కేది, ఛాయా. రోడ్డు మీదే కూర్చుండేది. ఇంజను ఆగిపోయేది. వాడు టాపెక్కి కూర్చుని ట్రాక్టరు కోసం చూసుకుంటా ఉండేవాడు, ముందుసారి మాదిరి." అరచేత్తో బండి అడుగు రేకును కొట్టిన చప్పుడైంది. "నేను దాన్ని తేలేట్టు చేసినా. పడవ చేసినా."

నాకు ఆయన మీద జాలి రాలేదు ముందు. కోపం వచ్చింది. తల బాదుకోవాలనిపించింది. తేలిగ్గా ఉందన్నా అని వాడు చెప్పాడే, చపాతీ తింటూ చెప్పాడే అని అరవాలనిపించింది. అరవలేదు. ఆయన కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. నేను ఆ పాదాలు పట్టుకుని కూర్చున్నాను.

"అత్తకు చెప్పొద్దు" అన్నాను దారిలో. బిరడాలు ఆయన జేబులో ఉన్నాయి.

మా అత్తకు మిగిలింది ఆ లైట్లే. పరామర్శకు ఎవరొచ్చినా అదే చెప్పేది. "వాళ్ళన్న చేసిన పని అట్లాంటిది. అంత నీళ్ళలో కూడా ఆరలేదు. ఆ దీపాలుండబట్టే నా బిడ్డ దొరికినాడు. లేకుంటే ముఖమైనా చూసుంటినా?" అని, దుకాణంలో ఉన్న పెద్దకొడుకు వైపు చూపించేది. వచ్చినవాళ్ళు ఆయన వైపు గౌరవంగా చూసేవారు. ఆయన చేతిలో ఉన్న వైరును వంచుతూ, చాపుతూ ఉండేవాడు. అన్నం సగంలో లేచేవాడు. ఒకసారి నాతో అన్నాడు, "ఆమె నన్ను తిట్టినా బాగుండు, పొగడతాండాది" అని.

ఆయుధ పూజ వచ్చింది. చావు జరిగిన ఇంట్లో పండగేమిటని నేను ఊరుకున్నాను. మా అత్త ఒప్పుకోలేదు. "మైల మనుషులకు. పనిముట్లకేమి మైల? అన్నం పెడతాండేవి అవే కదా. గుమ్మడికాయ వద్దు, పూలు వద్దు. బొట్టు పెడితే చాలు" అంది.

ప్రతి ఏడూ చేసినట్టే మా ఆయన పనిముట్లన్నీ కడిగి, దుకాణంలో గుడ్డ మీద వరసగా పేర్చాడు. కటింగ్ ప్లేయర్లు, స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ కడ్డీ, మీటరు. మా మామ పోయినప్పటి నుంచి పద్ధతి ఒకటే. ముందు మా అత్త మూడు వేళ్ళతో విభూతి పూస్తుంది, వెనకాలే నేను కుంకుమ పెడతాను. ఆ రోజూ అలాగే వరసలో జరుగుతూ పోతున్నాం. మీటరు పక్కన ఆమె చెయ్యి ఆగింది.

"ఇవేమిరా కొత్తగా?"

నల్లటి రబ్బరు బిరడాలు. కడిగి, తుడిచి, పనిముట్లతో పాటు పేర్చాడు. ఆయన వైపు చూశాను, వద్దు వద్దు అని.

"హర్ష బండివమ్మా. నీళ్ళు లోపలికి రాకుండా కింద పెట్టింటి."

మా అత్త ముఖం మెత్తబడింది. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను. "అట్లనా? ముందే చెప్పకూడదా, వీటికే మొదట పెట్టాల్సింది. కడదాకా నా బిడ్డని తడవనీకుండా చూసినాయి" అని విభూతిలో వేళ్ళు ముంచింది.

"వాటికి వద్దమ్మా."

"ఎందుకొద్దు?"

"వద్దమ్మా. వాటివల్లే పోయినాడు." బిరడాల్ని వరసలోంచి పక్కకు జరిపాడు. "అవి పెట్టకపోయింటే నీళ్ళు లోపలికి వచ్చి బండి రోడ్డు మీదే నిలబడేది. అవి పెట్టినందుకు తేలి కాలువలోకి పోయింది. పెట్టింది నేను."

ఆమె వేళ్ళు విభూతితో అలాగే గాల్లో ఉండిపోయాయి. బిరడాల్ని చూసింది. కొడుకుని చూసింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. నాకూ తెలుసని ఆమెకు అర్థమైంది.

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆయన దానికోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు.

"నాకెందుకు చెప్పినావురా?" అంది మా అత్త. "ఆ దీపాలు పట్టుకుని బతుకుతాంటిని కదరా నాయనా. ఎందుకు చెప్పినావు నాకు?"

పళ్ళెం నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుని లోపలికి పోయింది. వరసలో మిగిలిన పనిముట్లకు ఆ ఏడు విభూతి పడలేదు. ఆ తర్వాత మా ఇంటికి ఎందరో వచ్చారు, హర్ష గురించి అడిగారు. ఆమె వాడి చిన్నతనం గురించి చెబుతుంది, జ్వరం గురించి చెబుతుంది, అజ్జీ చదివిన సహస్రనామం గురించి కూడా చెబుతుంది. లైట్ల మాట మాత్రం ఎత్తదు.